తిరిగి వెళ్ళినవాడు

కుప్పయ్య ఇంట్లో మంచం ఉంది. కూతురు జాహ్నవి శ్రీ సిటీలో ఒక కంపెనీలో చేరిన కొత్తలో కొన్నది. దాని మీద ఆయన ఏనాడూ పడుకోలేదు. వానొచ్చినా, చలి కొరికినా వసారాలో గోనెపట్ట మీదే ముడుచుకుంటాడు. నలుగురితో కలిసి అన్నం తినడు. ఎవరైనా గట్టిగా పిలిస్తే, పిలిచింది పక్కింటి పిల్లవాడైనా సరే, లేచి నిలబడి "ఆఁ అయ్యా" అంటాడు.

శ్రీకాళహస్తి అవతల స్వర్ణముఖి ఒడ్డున ఉన్న యానాదుల కాలనీలో అందరూ ఆయన్ని మంచోడంటారు. తగువుకు పోడు, ఎదురు చెప్పడు, ఎవరు ఏ పని చెప్పినా చేస్తాడు. ఆ మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో జాహ్నవికి తెలుసు. అందుకే ఆ మాట వింటే ఆ పిల్లకి ఒళ్ళు మండుతుంది.

కుప్పయ్యకి సరిగ్గా ఊహ తెలియని వయసులో తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మందులకీ, మట్టి చెయ్యడానికీ తల్లి తిరుమలమ్మ సత్యవేడు వైపు ఊళ్ళో గోవిందయ్య అనే ఆసామి దగ్గర అప్పు తెచ్చింది. గోవిందయ్యకి పెద్ద బాతుల మంద ఉండేది. కోతలైన మళ్ళల్లో రాలిన గింజలు మేపుకుంటూ మందని ఊరూరా తోలుకుపోవాలి. ఆ పనికి చిన్నపిల్లలైతే తిండి తక్కువ, మాట వింటారు. "ఒక్క కోతకారు అయినంక పంపిస్తాం, పిల్లోణ్ణి ఇయ్యి" అన్నాడాయన. తిరుమలమ్మ ఇచ్చింది. ఆమె చేతిలో ఇంకేమీ లేదు.

ఆ కోతకారు అయిపోయింది. ఇంకొకటి అయిపోయింది. అప్పు మాత్రం తీరలేదని చెబుతూ వచ్చారు.

కుప్పయ్య మందతో ఊత్తుకోట దాటి, పొన్నేరి దాటి తమిళనాట తిరిగాడు. పగలంతా మడిలో బురద తొక్కుతూ కర్రతో బాతుల్ని తోలడం, చీకటి పడేసరికి వల కట్టి వాటిని లోపలికి పెట్టడం, నక్క రాకుండా వల పక్కనే పడుకోవడం. ఒక బాతు తప్పిపోతే మంద మీద ఆసామి పెట్టిన మేస్త్రీ బెల్టు తీసేవాడు. అందరూ వాణ్ణి "బాతులోడా" అని పిలిచేవాళ్ళు. కొన్నాళ్ళకి ఇంకో పేరు ఉండేదన్న సంగతే వాడు మరిచిపోయాడు.

వానలు ముదిరినప్పుడు మంద ఆసామి ఇంటికి చేరేది. గోవిందయ్య భార్య పంకజాక్షి పెరట్లో ఆకు వేసి వేడి సంగటి పెట్టేది. తలకి ఆముదం రాసేది. ఒకసారి వాడికి జ్వరమొచ్చి మాట పడిపోతే, కొట్టంలో వాడి పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది. వాడు ఆమెని "అమ్మా" అనేవాడు. లోకంలో తనని తిట్టకుండా ముట్టుకున్నది ఆమె ఒక్కతే. ఆమె కొడుకు భానుచందర్ బడికి పోతుంటే వాడే సంచి మోసుకుంటూ ఊరి చివరిదాకా వెళ్ళేవాడు.

మీసాలు ఇంకా మొలవని వయసులో ఉండగా అధికారులు ఊత్తుకోట దగ్గర మళ్ళ మీదికి వచ్చి పిల్లల్ని జీపెక్కించారు. వెట్టి నుంచి విడిపించామన్నారు. పేరడిగితే "బాతులోడు" అన్నాడు. ఎవరెవర్నో విచారించి, చెవి వెనక కాలిన మచ్చ చూసి, చివరికి కాలనీలో తిరుమలమ్మ ముందు నిలబెట్టారు.

ఆమె కొడుకుని కరుచుకుని ఏడ్చింది. వాడు కర్రలా బిగుసుకుపోయాడు. వాడి నోటికి సగం అరవం వచ్చేసింది. ఆమె చేప పులుసు వండి అన్నంలో కలిపి ముద్ద నోటికి అందిస్తే, పళ్ళెం లాక్కుని గుడిసె వెనక్కి పోయి ఒక్కడే తిన్నాడు. లోపల పడుకోమంటే పడుకోలేదు.

"అక్కా, నన్ను ఎప్పుడు పంపిస్తావు?" అని అడిగాడు ఒక సాయంత్రం.

తిరుమలమ్మ ఆ మాటకి చేతిలో చేట కింద పెట్టేసింది. "నేను అక్కని కాదురా, నీ యమ్మని. యాడికి పోతావు నువ్వు?"

వాడు వారం తిరక్కుండానే, ఆమె చేపలకి పోయినప్పుడు, రోడ్డున పడి అడుక్కుంటూ గోవిందయ్య ఇల్లు చేరుకున్నాడు.

తిరుమలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "మేం పిలవలే. వాడే వచ్చినాడు. పిలుసుకో, వస్తే తోలుకుపో" అన్నాడు గోవిందయ్య. ఆమె గేటు బయట కూర్చుని కొడుకుని పేరు పెట్టి పిలిచింది. కుప్పయ్య గడ్డివామి వెనక దాక్కున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చుని ఆమె లేచి వెళ్ళిపోయింది. తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది. ఒక్కోసారి ఎండుచేపలు మూట కట్టి గేటుకి తగిలించి పోయేది. ఒక ఏడు రావడం మానేసింది. జ్వరంతో చనిపోయిందని కబురొచ్చేసరికి మంద పొన్నేరి దగ్గరుంది. "అట్లనా" అని కుప్పయ్య బాతుల్ని ఇంకో మడిలోకి తోలాడు.

గోవిందయ్య పోయాక మందని అమ్మేశారు. పని లేక కుప్పయ్య కాలనీకి వచ్చి, రూతు అనే అమ్మాయిని చేసుకున్నాడు. జాహ్నవి పుట్టినప్పుడు మంత్రసాని బిడ్డని తెచ్చి ఒళ్ళో పెడితే, ఆ బరువు తగలగానే ఆయన ఉన్నట్టుండి పెద్దగా ఏడ్చాడు. తననీ ఒక తల్లి ఇలాగే ఒళ్ళో పెట్టుకుందన్న తలపుకి ఏడ్చాడని రూతుకి చాన్నాళ్ళు తెలియలేదు. తెలిశాక ఎవరికీ చెప్పలేదు, కూతురికి తప్ప. ఆ బిడ్డని మళ్ళీ ఎత్తుకోవడానికి మాత్రం ఆయనకి చేతులు రాలేదు. ఎక్కడ ఇచ్చెయ్యాల్సి వస్తుందో అన్నట్టు దూరందూరంగా తిరిగేవాడు.

ఇదంతా జరిగిన ఇన్నేళ్ళకి, వెట్టి నుంచి బయటపడ్డ కుటుంబాలు ఎలా ఉన్నాయి, ఆ బతుకు నీడ వాళ్ళ పిల్లల మీద కూడా పడిందా, జరిగినదానికి బదులుగా ప్రభుత్వం ఏం చెయ్యాలి అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. రిటైరైన జడ్జి ఒకాయన దానికి పెద్ద. తిరుపతిలో కాలేజీ పాఠాలు చెప్పే మోహన అనే ఆమె అందులో సభ్యురాలు. శ్రీకాళహస్తిలో విచారణ పెట్టారని తెలిసి జాహ్నవి తండ్రి పేరు ఇచ్చింది.

"ఎప్పుడో అయిపోయిన కత. ఇప్పుడేం చెప్పాలమ్మా?" అన్నాడు కుప్పయ్య.

"అయిపోయిందా నాయనా? మరి మంచం మీద ఎందుకు పండుకోవు?"

విచారణ రోజు ఆయన కూతురి వెంట వెళ్ళాడు.

మీటింగు హాలు నిండా మనుషులున్నారు. ఇటుక బట్టీల్లో, క్వారీల్లో పని చేసినవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. యజమానుల మాట కూడా వినాలని వాళ్ళకీ కమిటీ కబురు పెట్టింది. కుప్పయ్య వంతు వచ్చేసరికి, తలుపు దగ్గర భానుచందర్ చెయ్యి పట్టుకుని పంకజాక్షి లోపలికొచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. నడుము వంగింది.

కుప్పయ్య గభాల్న లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నాడు. చెప్పులు విడిచి గోడ వారకి జరిగి నిలబడ్డాడు.

"బాగుండావా రా, బాతులోడా?" అంది పంకజాక్షి.

కుప్పయ్య నవ్వాడు. నోరారా, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. జాహ్నవి పుట్టి బుద్ధెరిగాక తండ్రి ముఖంలో ఆ నవ్వు చూడలేదు. కుర్చీని గట్టిగా పట్టుకుని తల దించేసుకుంది.

"మీరు కూర్చోండి" అన్నాడు జడ్జి కుప్పయ్యతో. పంకజాక్షికి కుర్చీ వేసేదాకా కుప్పయ్య కూర్చోలేదు. వేశాక కూడా నిలబడే ఉన్నాడు.

పంకజాక్షి దాపరికం లేకుండా మాట్లాడింది. "అప్పటి దినాల్లో అందురూ పిల్లోళ్ళని పెట్టుకున్నారు సామీ, మేమూ పెట్టుకున్యాం. మేస్త్రీ కొట్టినాడంటే కొట్టుంటాడు. ఇంట్లో మాత్రం నా బిడ్డకి పెట్టిందే వాడికీ పెట్టినాను. గవర్మెంటోళ్ళు ఇడిపించి తోలుకపోయినారు. మేం పిలవలే. వాడే తిరిగొచ్చినాడు. అడగండి, ఈడే ఉండాడు గదా."

జడ్జి కుప్పయ్య వైపు చూశాడు. "ఆమె చెప్పింది నిజమేనా?"

"నిజమే సార్. నేనే వచ్చినా."

హాల్లో గుసగుసలు లేచాయి. వెనక ఎవరో నవ్వారు కూడా. జాహ్నవి లేచి బయటికి పోబోయి, తలుపు దగ్గర ఆగింది. మోహన తన కుర్చీ ముందుకి జరుపుకుని అడిగింది. "మీ అమ్మ మీకోసం వచ్చినప్పుడు ఎందుకు వెళ్ళలేదు?"

కుప్పయ్య తువ్వాలు కొస వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మని చెప్పినారు గానీ, ఆమె ఎవురో నాకు తెలీదమ్మా" అన్నాడు చివరికి. "ఎవురో ఆడమనిసి కూసోని ఏడస్తా ఉండాది అనుకున్యా. ఎందుకు నా ఎనకాల పడిందా అని బయమేసింది. వామి ఎనక నిలబడి, ఎప్పుడు పోతాదా అని సూస్తా ఉణ్ణా. పిలిసేది నన్నేనని కూడా అనిపించలే. కుప్పయ్య ఎవురో నాకేం తెలుసు?" జడ్జి వైపు తిరిగి మళ్ళీ అందుకున్నాడు. "మీరేమి ఇస్తారో నాకు తెలీదు సార్. ఇల్లిచ్చినా, మడి ఇచ్చినా తీసుకుంటా, బీదోణ్ణి. మా యమ్మ మొకం గుర్తుకు రాదు సార్. ఎంత అనుకున్యా రాదు. లేసి పోతా ఉంటే ఆమె ఈపు మాత్రమే గుర్తుండాది."

రాసుకుంటున్నవాళ్ళు కలాలు ఆపేశారు. పంకజాక్షి కళ్ళొత్తుకుంటూ ఆయన వైపు తిరిగింది. "నేను నీకేం తక్కువ చేసినానురా? జరమొస్తే నీ తలకాడ కూసోలేదా?"

"కూసున్యావమ్మా" అన్నాడు కుప్పయ్య. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆమె కొడుకు చెయ్యి అందుకుని లేచింది. ఆమె తలుపు దాటేదాకా ఆయన తల వంచుకునే నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో జాహ్నవి అంది, "ఆమెని సూసి నవ్వినావు. నన్ను సూసి ఒక్కసారన్నా అట్ల నవ్వినావా నాయనా?"

కుప్పయ్య కూతురి వైపు చూడలేకపోయాడు. "నాకు ఆమె ఒకతే ప్రేమ సూపించింది. నేర్సుకోవాల్సిన వయసులో అంతే నేర్సుకున్యా. నీ కాడికి రావాలంటే యాడ పట్టుకోవాల్నో తెలీదమ్మా." జాహ్నవి ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయాడు. సగం దూరం వెళ్ళిన చెయ్యి ఆటో కమ్మీ పట్టుకుంది.

కొన్ని నెలలకి కమిటీ తన నివేదిక ఇచ్చింది. విడుదలైన కుటుంబాలకి ఇళ్ళు, కొంత భూమి, పిల్లల చదువులు, ప్రభుత్వం తరఫున క్షమాపణ. విడుదలయ్యాక తమంతట తామే తిరిగి వెళ్ళినవాళ్ళని మాత్రం ఆ లెక్కలో కలపలేమని ఎక్కువమంది సభ్యులు తేల్చారు. మోహన ఒప్పుకోలేదు. ఆ కాళ్ళని వెనక్కి నడిపించింది ఆ బానిసత్వమే, దానికి ఇంతకంటే గుర్తు ఇంకేం కావాలి అని విడిగా రాసి సంతకం పెట్టింది. ప్రభుత్వం రెండూ పరిశీలిస్తోందని చెప్పారు. ఇప్పటికీ అదే చెబుతున్నారు. మోహనే ఫోన్ చేసి జాహ్నవికి ఈ సంగతి చెప్పింది. విని కుప్పయ్య "పోనీలేమ్మా" అన్నాడు.

విచారణ అయినప్పటి నుంచి ఆయనకి తల్లి ధ్యాస పట్టుకుంది. ఆమెని పూడ్చిన చోటు చూడాలని ఏటి గట్టుకి పోయాడు. ఇసుక తోడుకుపోగా ఆ గట్టు ఎప్పుడో ఏట్లోకి జారిపోయింది. తల్లి ఈడువాళ్ళలో జ్ఞానాంబ ఒక్కతే మిగిలింది. ఒకప్పుడు తిరుమలమ్మ పక్క గుడిసె ఆమెది. పని నుంచి వచ్చాక సాయంత్రాలు కుప్పయ్య ఆమె అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

"మా యమ్మ ఎట్లుండేది పెద్దమ్మా?"

"నల్లంగా, పొట్టిగా ఉండేది. పొగాకు నమిలేది. నవ్విందంటే కాలనీ ఆ కొసకి ఇనిపించేది" అనేది జ్ఞానాంబ. ఇంకోరోజు అడిగితే, "తిరుమలమ్మా? తెల్లంగా, ఎత్తుగా ఉండేది. నోట్లోంచి మాట వచ్చేది కాదు" అనేది. ముసలామెకి మనుషులు కలిసిపోతున్నారు. ఒక్కోసారి ఎప్పుడో పోయిన తన చెల్లెలి సంగతులన్నీ తిరుమలమ్మవే అనుకుని చెప్పేది.

ఒక ఆదివారం జాహ్నవి కూడా వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. జ్ఞానాంబ చెప్పేది కొంచెంసేపు విని, ఆయన చెవి దగ్గర నెమ్మదిగా అంది. "నాయనా, ఇది మా అవ్వ సంగతి కాదేమో."

"తెలుసమ్మా" అన్నాడు కుప్పయ్య. "చెప్పనీ."