ఉసేనమ్మక్క ఎడమ పక్కన

ఈ ఉదయం క్యాంపు షెడ్డులో ఉసేనమ్మక్క చుట్టకుదురు మేకుకు వేలాడుతూనే ఉంది. తట్ట కింద తల మీద పెట్టుకునే పాత చీర గుడ్డ. తల ఆనిన చోట గుంట పడి, ఎర్రమట్టి పట్టి, గట్టిపడిపోయింది.

ఎవరూ తియ్యలేదు. నేనూ తియ్యలేదు.

నిన్న మధ్యాహ్నం ఆమె చిన్నాన్న మా అంగడి ముందు సైకిలు ఆపాడు. దిగకుండానే అన్నాడు.

"ఉసేనమ్మ పోయిందమ్మా. పొద్దున్నే."

నాన్న చేతిలోని తూకంరాయి కింద పెట్టారు. నేను లోపలికి వెళ్లాను. మళ్లీ బయటికి వచ్చాను. ఎందుకు వెళ్లానో, ఎందుకు వచ్చానో తెలియదు.

జ్వరమని తెలుసు. కానీ మొన్న చూడబోతే మంచం మీది నుంచే నన్ను ఎగతాళి చేసింది. అంత నవ్విన మనిషి పోతుందని ఎవరనుకుంటారు?

క్యాంపు వాళ్లందరూ చూస్తారని ఇది ఆలూరు రీడింగ్ రూమ్ బోర్డు మీద పెడుతున్నాను.

కొత్తగా చేరినవాళ్లకు ఆమె తెలియదు. అందుకే మొదటి నుంచి చెప్తాను.

మన పల్లెలో కుంట తవ్వడానికి జెనీవా నుంచి ఒక యువజన సంస్థ వచ్చినప్పుడు, వాళ్ల రూల్ ఒకటే. దేశాలు దాటి వచ్చిన పిల్లలు, ఊరి పిల్లలు కలిసి ఒకే తట్టలు మొయ్యాలి. ఏం చెయ్యాలో కూడా కలిసే తేల్చుకోవాలి. తాము వెళ్లిపోయాక కూడా కుంట నిలవాలని, అందులోని నీళ్లు రేపు పుట్టేవాళ్లకూ మిగలాలని వాళ్ల లీడర్ ఎల్సా రోజూ చెప్పేది.

కర్నూలు కాన్వెంటులో చదివానని ఆ మాటలు తెలుగులో చెప్పే పని నాకిచ్చారు.

నాకు ఇంగ్లీషు వచ్చు. నలుగురి ముందు గొంతే రాదు. ఏ భాషలోనైనా.

మొదటి రోజు ఎల్సా మాట్లాడి నా వైపు చూసింది. ఊరంతా నా వైపు చూసింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

అప్పుడు వరసలోంచి ఒకామె తట్ట దించి వచ్చింది.

"ఏం మే, శెట్టోళ్ల పిల్లా, నాలిక ఇంట్లో పెట్టొచ్చినావా? నువ్వు నా సెవిలో సెప్పు. నేను అరుస్తా. నీకు ఇంగిలీసుండాది, నాకు గొంతుండాది."

ఆ రోజు నుంచి మా పని అలాగే సాగింది.

ఎల్సా పుల్లతో నేల మీద బొమ్మలు గీస్తూ మాట్లాడేది. ఉసేనమ్మక్క మాట్లాడితే కుడి చెయ్యి గాలిలో తిరుగుతుంది కాబట్టి, నేను ఎడమ పక్కన నిల్చుని చెవిలో చెప్పేదాన్ని. ఆమె నా వైపు తిరిగేది కాదు. ఎల్సా ముఖం, ఆ గీతలు, అవే చూసేది. తర్వాత గట్టు అవతలికి వినపడేలా చెప్పేది.

ఎప్పుడూ నేను చెప్పినదాని కంటే ఎక్కువే చెప్పేది.

"అక్కా, నేను అంత చెప్పలేదు."

"కొంచెం కారం ఏసినాలే మే. సప్పగుంటే ఎవురు తింటారు?"

కుంట చూసుకునే కమిటీ వేసిన రోజు మరిచిపోలేను. ఊరి పెద్ద రంగప్ప మామ అప్పటికే తన కొడుకుల పేర్లు, తమ్ముడి కొడుకుల పేర్లు అనుకుని వచ్చాడు. ఎల్సా నేల మీద మనుషుల బొమ్మలు గీసింది. ఒక బొమ్మకు జడ పెట్టింది. కమిటీలో యువజనులు ఉండాలని మాత్రం అంది. నేను అదే చెప్పాను.

ఉసేనమ్మక్క గొంతెత్తింది.

"మట్టి మోసినోళ్లే కమిటీలో కూసోవాలంట. ఆడపిల్లోళ్లు గూడా. మొయ్యనోళ్లు గట్టు మీద కూసోని సూడొచ్చంట."

"దొరసాని అంత మాట అన్నాదా?" అన్నాడు రంగప్ప మామ.

"అన్నాది మామా. కావాలంటే ఈ పిల్లనడుగు."

అందరూ నన్ను చూశారు.

నేను తలూపాను. నా జీవితంలో ఊరి ముందు నేను చేసిన ఒకే ఒక్క ప్రసంగం అది.

అలా మేమిద్దరం కమిటీలో కూర్చున్నాం.

కుంట తవ్వడం అయిపోయింది. అలుగు మిగిలింది. నిండిన నీళ్లు పొర్లిపోయే దారికి రాళ్లు పరవకపోతే మొదటి పెద్ద వానకే గట్టు తెగుతుంది. ఆ పనికి మళ్లీ క్యాంపు రావాలా వద్దా అన్నది ఆ సంస్థ వాళ్లు సోమవారం కడప మీటింగులో తేలుస్తారు. మన పల్లె తరఫున మాట్లాడాల్సింది మేమిద్దరం.

గుంతకల్లులో రైలెక్కాలని ఆమె ఎంత సంబరపడిందో! ఎన్నడూ రైలు ఎక్కలేదు. మొన్న జ్వరంలో కూడా అదే మాట.

"కడపలో నేను అరుస్తా. నువ్వు ఎప్పటి మాదిరే గొణుగు. కిటికీ పక్క సీటు మాత్రం నాదే మే."

ఇప్పుడు ఆ సీటు ఖాళీ.

నిన్న వాళ్లింట్లో ఆడవాళ్లంతా గొంతెత్తి ఏడ్చారు. నేను మూల కూర్చున్నాను. నా ఏడుపు కూడా గొణుగుడే. వాళ్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి అద్దం ముందు నిల్చున్నాను. "అలుగు కట్టకపోతే" అన్నాను. అంతవరకే. పక్కకు చూశాను. ఎవరూ లేరు.

సోమవారం నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను.

పోయిరా ఉసేనమ్మక్కా. తట్ట దించేశావు. ఇక మెడ నొప్పి లేకుండా, చల్లగా నిద్రపో.

ఆమెకు ఎడమ చెవి చిన్నప్పటి నుంచీ వినపడదట. నిన్న వాళ్లమ్మ చెప్పింది.