మధ్య పేరా

తిరువూరు నుంచి విస్సన్నపేట వెళ్లే రోడ్డు పక్కన మా ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అన్నానని మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఇనుము కరిగించే బట్టీ, రెండు లేతు మిషన్లు, పదిహేనుమంది పనివాళ్లు, ఒక ఇంజనీరు. ఆ ఇంజనీరు నేనే. నీళ్ల పంపుకు పైన ఉండే ఇనప డొల్లను కేసింగ్ అంటారు. దాన్ని పోతపోసి, నున్నగా చెక్కి, మద్రాసులో పంపులు తయారుచేసే ఒక కంపెనీకి లారీలో పంపేవాళ్లం. అవి డెబ్బైల మొదటి రోజులు. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది.

ఓనరు గారిది రెడ్డిగూడెంలో మామిడి తోటలున్న కుటుంబం. ఆయనకు ఇంగ్లీషు రాదు. రాదని చెప్పుకోవడానికి మొహమాటమూ లేదు. "ఇంగ్లీషు సంగతులన్నీ మా ఇంజనీరు చూసుకుంటాడు" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పేవారు. ఇంగ్లీషు నాకూ రాదు. మొహమాటం మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేది.

నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషులో నేను సొంతంగా రాయగలిగింది సెలవు చీటీ ఒక్కటే. పైన 'రెస్పెక్టెడ్ సర్', కింద 'యువర్స్ ఒబీడియెంట్లీ', మధ్యలో జ్వరం. పెళ్లికి వెళ్లినా జ్వరమే, వరి కోతలకు వెళ్లినా జ్వరమే. ఆ మధ్యలో రాసింది మా మాస్టారు ఏనాడూ చదవలేదు. ఎన్ని రోజులో చూసి సంతకం పెట్టేవారు. కాలేజీకి వెళ్లాక పుస్తకాలకు పుస్తకాలు బట్టీపట్టి గట్టెక్కాను. అలా షెడ్డులో ఒక బట్టీ, నాలో ఒక బట్టీ. తేడా ఏమిటంటే, షెడ్డులో దానిలో వేసింది కరిగేది.

మద్రాసు నుంచి వచ్చే ఉత్తరాలను కూడా నేను సెలవు చీటీల్లాగే చదివేవాణ్ణి. సరుకు అందిందని మొదటి వరుసలో ఉండేది. ఇంకెన్ని కావాలో చివరి వరుసలో ఉండేది. మధ్య పేరా మర్యాద కోసం రాస్తారని నా నమ్మకం. చూసి, ఫైల్లో పెట్టి, 'మీరు కోరినట్టే చేస్తాము' అని ఇంగ్లీషులో ఒక జవాబు పంపేవాణ్ణి. పోతపోసే మా మేస్త్రీ ఇసకతో మూసలు చేసేవాడు. నా ఉత్తరాలకు ఇసక కూడా అక్కర్లేదు.

ఒక వానాకాలం పొద్దున, పంపిన కేసింగులన్నీ లారీలో తిరిగొచ్చాయి. ప్రతిదాని మీదా ఎర్ర రంగుతో గీసిన ఇంటూ గుర్తు. వాటితో వచ్చిన ఉత్తరాన్ని మొదటిసారి నిఘంటువు పక్కన పెట్టుకుని పూర్తిగా చదివాను. లోపల నీళ్లు నింపి ఒత్తిడి పెడితే గోడల్లోంచి చెమట పట్టినట్టు నీళ్లు ఊరుతున్నాయట. సోమవారం వాళ్ల ఇన్‌స్పెక్టరు వస్తాడట. కారణం తేలకపోతే ఆర్డరు రద్దట. 'మూడు నెలల కిందట మేము రాసిన ఉత్తరం చూసుకోండి' అని కూడా ఉంది. ఓనరు గారికి అన్నీ చెప్పాను, ఆ చివరిది తప్ప.

ఆయన నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. మేస్త్రీది ఎ.కొండూరు. అరవైకి దగ్గర పడినవాడు. పోత చల్లారాక చిన్న సుత్తితో కొట్టి, మోత విని, లోపల బీట ఉందో లేదో చెప్పేవాడు.

"ఏం మేస్త్రీ, ఇసక తడిగా ఉండగానే పోశావా?"

"లేదండి. ఆరబెట్టే పోశానండి. తడుంటే ఇనుములో బుడగలు పడతాయని నాకు తెలవదాండి?"

"మరి నీళ్లెందుకు కారుతున్నాయి? మద్రాసు వాళ్లకి కళ్లు కనపడక పంపారా?"

"అదే నాకూ తెలవట్లేదండి."

"పోతలో తప్పుందని సోమవారం వచ్చే ఇన్‌స్పెక్టరు అన్నాడంటే నువ్వింక ఇంటికాడ కూర్చో. బెజవాడ నుంచి ఇంకో మేస్త్రీని తెచ్చుకుంటా."

మేస్త్రీ సుత్తి అందుకున్నాడు. తిరిగొచ్చిన కేసింగులను ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టి చూస్తూ కూర్చున్నాడు. "మోత బాగానే ఉంది బాబూ" అన్నాడు నాతో. "ఒక్కటీ బొంగురు పోలేదు. నా చెవే పోయిందేమో."

నేను గదిలోకి వెళ్లి పాత ఉత్తరం వెతికి తీశాను. మధ్య పేరా దాటడానికి గంటన్నర పట్టింది. మర్యాదేమీ లేదు అందులో. ఈ పంపులను ఇకనుంచి లోతు బావులకు వాడతామని, అందుకని పరీక్షలో ఒత్తిడి పెంచుతున్నామని, కేసింగు గోడ మందం రెండు మిల్లీమీటర్లు పెంచి, మూస తీసే చెక్క నమూనాను ఆ కొలతకు మార్చుకోమని ఉంది. కింద నా జవాబు కాపీ: మీరు కోరినట్టే చేస్తాము.

నాకు నిజంగానే జ్వరం వచ్చినట్టయింది.

సోమవారం దాకా ఆ మూడు రోజులు నేను తిన్నది అన్నమో కాదో గుర్తులేదు. షెడ్డులో ఆ ఉత్తరం చదవగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్‌స్పెక్టరు మాట వీళ్లకు చేరాలన్నా, వీళ్ల మాట ఆయనకు చేరాలన్నా నా నోరే దారి. ఆయనతో ఒకటి, వీళ్లతో ఒకటి చెప్పినా అడిగేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకు భయపడ్డాను. అయినా వర్షాల గురించి, ఇసకలో చెమ్మ గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకుని బట్టీపట్టడం మొదలుపెట్టాను. 'ఐ బెగ్ టు స్టేట్ దట్' అని మొదలైంది. మళ్లీ అదే సెలవు చీటీ. ఈసారి జ్వరం మేస్త్రీకి అంటిస్తున్నాను.

ఆదివారం చర్చి నుంచి మేస్త్రీ నేరుగా నా గదికి వచ్చాడు. కండువా కొంగులో ఇసక మూటగట్టుకొచ్చాడు.

"చూడండి బాబూ, పిసికి చూడండి. తడుందా?"

"లేదు మేస్త్రీ."

"ఆ మాటే రేపు ఆయనకి ఇంగ్లీషులో చెప్పండి. నేను చెబితే ఆయనకి తెలవదు. మీరు చదువుకున్నోరు, నా తరపున గట్టిగా చెప్పాలి."

సోమవారం పదిన్నర బస్సుకు ఇన్‌స్పెక్టరు దిగాడు. తమిళాయన. తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి. ఆయన నోట్లోంచి ఇంగ్లీషు లేతు మీద ఇనప రజను రాలినట్టు రాలుతోంది.

"ఏమంటున్నాడయ్యా?" ఓనరు గారు నా మోచేయి పొడిచారు.

"ప్రయాణం బాగా జరిగిందంటున్నారండి."

నిజానికి ఆయన, ఇవి పోసిన మనిషి ఎవరని అడిగాడు. అడిగి, సుత్తి పట్టుకుని నిలబడ్డ మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను 'ఐ బెగ్ టు స్టేట్ దట్' దాకా వచ్చి ఆగిపోయాను. నా ఇంగ్లీషు పోత ఇనుము లాంటిది. వంచుదామంటే వంగదు, విరుగుతుంది. అక్కడే విరిగింది.

జేబులోంచి పాత ఉత్తరం తీశాను. మధ్య పేరా మీద వేలు పెట్టాను.

"సర్. దిస్ పేరా ఐ నాట్ రెడ్. హిజ్ వర్క్ గుడ్. మై వర్క్ బ్యాడ్."

ఆయన ఉత్తరం చూశాడు, దాని కింద నా జవాబు చూశాడు. చదవకుండానే చేస్తామని ఎలా రాశావని అడిగాడు. నాకు దొరికిన మాట ఒక్కటే.

"హ్యాబిట్, సర్."

"ఏమన్నావయ్యా?" అన్నారు ఓనరు గారు.

ఇంగ్లీషులో మూడు ముక్కల్లో అయిపోయింది. తెలుగులో అంత తేలిగ్గా తప్పించుకోలేకపోయాను. ప్రతి మాటా అందరికీ తెలిసిన మాటే. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఓనరు గారు "మరి ఏడాది నుంచీ ఏం చదువుతున్నట్టు నువ్వు?" అన్నారు. మేస్త్రీ మాత్రం మూస పెట్టె మీద మెల్లగా కూర్చుని, "అయితే ఇసక కాదన్నమాట" అన్నాడు. చేతిలో సుత్తిని పక్కన పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు నెల గడువిచ్చాడు. కొత్త సరుకు చూశాకే ఆర్డరు సంగతి అన్నాడు. మేస్త్రీని ఎవరూ ఇంటికి పంపలేదు. నా సంగతి కూడా సరుకు చూశాకే అని ఓనరు గారు తేల్చేశారు. నమూనా మార్చి, గోడ మందం చేసి, మేస్త్రీ మళ్లీ పోశాడు.

నెలన్నరకు మద్రాసు ఉత్తరం వచ్చింది. ఇకనుంచి ఉత్తరాలు తన ముందే చదవాలని మేస్త్రీ పెట్టిన షరతు ప్రకారం దాన్ని బట్టీ దగ్గరే విప్పాను. సరుకు అందింది అని చదివానో లేదో, పాత అలవాటు కొద్దీ నా కళ్లు చివరి వరుసకు ఉరికాయి.

"అక్కడ ఆగారేంటి? మధ్యలో ఏముందో చెప్పండి" అన్నాడు మేస్త్రీ.

రెండు మాటల కోసం నిఘంటువు తెచ్చుకోవాల్సి వచ్చింది. కొత్త ఒత్తిడికి ఒక్క కేసింగూ చెమర్చలేదని, పోత చాలా శుభ్రంగా ఉందని రాశారు. తెలుగులో చెప్పాను.

"ఆ ముక్క వాళ్లు రాసింది రాసినట్టు, ఇంగ్లీషులోనే ఇంకోసారి చదవండి బాబూ."

చదివాను. ఒక్క మాట తెలియకపోయినా చివరిదాకా విన్నాడు. నాకంటే నయం.