సంచి ముందు, మేము వెనుక: బోధన్ మైదానంలో నలభై సన్నాయిలు

మాఘమాసం, శుక్లపక్షం, భానువారం. సాయంసంధ్య వేళ బోధన్ పట్టణానికి ఆవల, చెరకు నరికి చదును చేసిన విశాలమైన మైదానంలో నలభై మంది సన్నాయి విద్వాంసులు ఒకే వేదికపై ఊదబోతున్న శుభసందర్భం. ఆ నాదాన్ని మా అక్క రాజవ్వ చెవిన వేయాలన్న సంకల్పంతో నేను ఈ ప్రయాణం చేశాను. శబ్దం ఆకాశానికి గుణమని శాస్త్రం చెబుతుంది. భక్తి మార్గాలు తొమ్మిదింటిలో శ్రవణాన్ని మొదట నిలిపారు పెద్దలు. అందుచేత పైకప్పు లేని చోట కూర్చుని సంగీతం వినడం నాకు వినోదం కాదు, వ్రతంతో సమానం. నిజామాబాద్ నుంచి ఇటువంటి కచేరీకి వెళ్లదలచినవారికి, ముఖ్యంగా పెద్దవారిని వెంట తీసుకువెళ్లేవారికి, నా అనుభవం, అందులోని నా పొరపాటుతో సహా, ఉపకరిస్తుందని ఇది రాస్తున్నాను.

మా అక్కకు డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లకు పైగా బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, పక్కన గూట్లో రేడియో. అందులో సన్నాయి మోగితే ఆమె వేళ్లు మరింత వేగం అందుకునేవి. ఆ బీడీ కట్టల మీదనే నేను పండిత పరీక్షలు చదివానని చెప్పుకోవడం నాకు గర్వం. రెండేళ్ల క్రితం ఆమె కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి కూడా నెలనెలకూ సన్నగిల్లుతున్నదని, ఇక మీదట యంత్రం పెట్టినా మాట అందుతుంది గాని రాగం అందదని వైద్యుడు చెప్పాడు. పత్రికలో కచేరీ ప్రకటన చూసి నేను గట్టిగా చదివి వినిపిస్తే ఆమె అడిగినది ఒక్కటే. “రేడియోల ఇన్న గని ఎదురుంగ ఎన్నడు ఇనకపోతి. గంత పెద్ద జాగల నాకు ఇనవడ్తదారా తమ్మి?”

దానికి జవాబు నాకు తెలియదు. తెలుసుకోవడానికి గురువారం నాడే ఒంటరిగా మైదానం చూసి రావడానికి వెళ్లాను. నిజామాబాద్ బస్టాండు నుంచి బోధన్‌కు బస్సులు తరచుగానే ఉంటాయి. గంట ప్రయాణం, యాభై రూపాయల లోపు చార్జీ. అక్కడి నుంచి మైదానానికి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. నేను చేరేసరికి పదకొండయింది. వేదికకు ఇనుప స్తంభాలు నిలబెడుతున్నారు. కనుచూపు మేర వరుసలు కట్టిన కుర్చీలు చూసి నాకు ఆనందమూ దిగులూ ఒకేసారి కలిగాయి. సభలో వృద్ధులకు అగ్రాసనం దక్కాలన్నది నా నమ్మకం గనుక మొదటి వరుసలోకి పోయి కూర్చుని చూశాను. అక్కడ తీగలు లాగుతున్న మైకు సెట్టు మేస్త్రీ నవ్వాడు.

“సారు, గీడ కూసుంటె పాట ఇనరాదు. గుండె మీద గుద్దులు వడ్తయి.”

అక్క చెవి సంగతి చెప్పాను. ఆయన తీగ కింద పెట్టి, మైదానం నడుమ ఉన్న చిన్న డేరా చూపించాడు. “గాడ కూసుని మేం సౌండు సెట్టు జేస్తం. మాకు మంచిగ ఇనవడ్డదే మీకు మంచిగ ఇనవడ్తది. అవ్వది ఏ చెవి మంచిగున్నది? ఎడమదా? గట్లయితె డేరాకు కుడిపక్క కూసోవెట్టున్రి. స్టేజి ఆమె ఎడమకు వస్తది. ఇంకోటి, పొద్దుమూకితె గాలి తూర్పుకెళ్లి, స్టేజి దిక్కుకెళ్లే కొడ్తది. పాటను మోసేది గాలే సారు.” శబ్దం ఆకాశానిదని నేను చదివాను. గాలి వాటా సంగతి ఆయన చెప్పాడు. అంగీకరించి, మూడు వందల చొప్పున కొన్న రెండు టికెట్లనూ కౌంటరులో ఇచ్చి, చేతికి కట్టుకునే రంగుపట్టీలు తీసుకున్నాను. అవి లేనిదే గేటు దాటనివ్వరు.

ఇక నా పొరపాటు. కచేరీ ఆరున్నరకు. కారు డ్రైవరు సాయిలు నాలుగూ ముప్పావుకు గాని రాలేనన్నాడు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. దీనికి మన పెద్దలు ఒక ఉపాయం చెప్పారు. మంచి గడియలో ప్రయాణపు మూటను పొరుగింట ఉంచితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. తరువాత ఎప్పుడు కదిలినా, ఆ మూటను తిరిగి ఇంట్లోకి తేకుండా దారిలో అందుకుని సాగిపోవాలి. దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. ఉదయం తొమ్మిదిన్నరకు అక్క శాలువా, మందులు, నీళ్ల సీసా, రంగుపట్టీలు ఒక సంచిలో సర్ది పక్కింటి లక్ష్మికి అప్పగించి, నిశ్చింతగా ఫోను మూగగా పెట్టి పారాయణకు కూర్చున్నాను. భోజనమై, ఓ కునుకు తీసినా ఫోను సంగతి గుర్తుకు రాలేదు.

నాలుగూ ముప్పావుకు సాయిలు వచ్చాడు. అక్క కొత్త చీర కట్టుకుని అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది. లక్ష్మి ఇంటికి తాళం. ఫోను తీసి చూస్తే ఆమె నుంచి ఏడు పిలుపులు. తిరిగి చేస్తే ఎత్తలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు గడిచాయి. అక్క నా ముఖం చూసి, మాట వినకపోయినా విషయం గ్రహించింది.

“పోతె పోనియ్‌రా. రేడియో ఉన్నది గదా,” అని ఆమె అనడం నాకు ముల్లులా గుచ్చుకుంది.

అంతలో ఫోను మోగింది. “బాపూ, ఎన్నిపార్లు జేయాలె మీకు? మా తమ్మునికి బిడ్డ పుట్టింది. బోధన్ దవఖానల ఉన్న.”

“సంతోషం తల్లీ. సంచి?”

“నాకాడ్నే ఉన్నది. బయలెల్లిన సంచిని తాళమేసిన ఇంట్ల వెడ్తరా? ఎట్లయినా బోధన్‌కే గదా అని ఎంట తెచ్చుకున్న.”

సాయిలు బండి తాళంచెవి తిప్పుతూ అన్నాడు. “సంచి పొద్దుగాల్నే పోయింది సారు. లేటయింది మీరే. అవ్వా, ఎక్కు.”

రానుపోను, అక్కడ నిలిపి ఉంచడానికి కలిపి పద్దెనిమిది వందలకు మాట్లాడుకున్న బండి. మామూలుగా నలభై అయిదు నిమిషాల దారి. అయితే చెరకు కాలంలో వెళ్లేవారు అరగంట అదనంగా వేసుకోవాలి. గడలు రెండు పక్కలా వేలాడుతుండగా ట్రాక్టర్లు వరుసగా ఏనుగుల్లా కదులుతుంటే వాటిని దాటడానికి చోటుండదు. “గవి జరిగితెనే మనం జరిగేది,” అని సాయిలు చేతులు కట్టుకున్నాడు. పచ్చి చెరకు వాసన కారులోకి వచ్చింది. అక్క మాత్రం కిటికీ అద్దం దింపి, ఎడమచెవి బయటికి పెట్టి, ట్రాక్టరులో మోగే మరాఠీ పాటను పరీక్షగా వింటున్నది.

బోధన్ దవాఖాన చేరేసరికి ఆరుకు అయిదు నిమిషాలు. లక్ష్మి సంచితో గేటు దగ్గరే నిలబడింది. చేయి చాచబోయి నేను ఆగాను. పురుడు వచ్చిన చోటు నుంచి వస్తున్న సంచి. అశౌచం, దోషం, ప్రాయశ్చిత్తం, చదివినదంతా ఒక్క క్షణంలో తలలో తిరిగింది. అక్క కారు దిగి సంచి తానే అందుకుంది.

“పుట్టిన పిల్లకంటె మంచి శకునం ఏమున్నదిరా? నీ పుస్తకాలల్ల లేదా గది?” అని, లక్ష్మి వైపు తిరిగి, “పొల్ల ఎట్లున్నది?” అని అడిగింది.

“ఒకటే ఏడుపు పెద్దవ్వా. గోడకవతలకు ఇనవడ్తుంది.”

“ఏడ్వనియ్. గొంతు మంచిదన్నట్టు.”

నేను ఆ సంచిని ఒళ్లో పెట్టుకునే మైదానానికి వెళ్లాను. ఆరూ పదిహేనుకు గేటు దాటాం. గేటు నుంచి డేరా వరకు నాలుగు వందల అడుగుల దూరం ఉంటుంది. అక్క రెండుసార్లు ఆగి నడిచింది. మేస్త్రీ మమ్మల్ని గుర్తుపట్టి, డేరా కుడిపక్కన రెండు కుర్చీలు తానే సర్ది, “అవ్వా, గట్లనే కూసో, ఇటు దిక్కు తిరగకు,” అని చెప్పి లోపలికి వెళ్లాడు. పడమట ఎరుపు ఇంకా ఆరలేదు. ఆయన చెప్పినట్టే గాలి తూర్పు నుంచి తిరిగింది. మొదట శ్రుతి సన్నగా నిలిచింది. తరువాత ఒక సన్నాయి, దానికి జవాబుగా మరొకటి, ఆపై డోలు దెబ్బతో నలభై సన్నాయిలూ ఒక్కసారిగా లేచాయి.

నేను వేదికను చూడలేదు, అక్కనే చూశాను. ఆమె కళ్లు మూసుకుంది. ముఖం నుంచి ఏమీ తెలియలేదు. ఆమె ఎడమచెవి దగ్గరికి వంగి, “ఇనవడ్తుందా అక్కా?” అని అడిగాను.

కళ్లు తెరవకుండానే నా ముఖాన్ని అరచేత్తో పక్కకు నెట్టింది. “లొల్లి జేయకురా తమ్మి. ఇననియ్.”

అప్పుడు చూశాను, ఒళ్లో ఆమె రెండు చేతుల వేళ్లూ కదులుతున్నాయి. ఆకు లేదు, తంబాకు లేదు, చాట లేదు. డోలు తాళానికి ఒక్క దెబ్బ తప్పకుండా ఆమె బీడీలు చుడుతున్నది.

ఎనిమిదింటికి కచేరీ ముగిసింది. తిరిగి వస్తుండగా నాకు ఒక విషయం తోచింది. శ్రవణం గురించి నేను జీవితమంతా చదివాను, చెప్పాను, వాదించాను. ఆ సాయంత్రం దాన్ని చేసింది మా అక్క. శాస్త్రం నాకు ముహూర్తం చెప్పింది గాని, దారి నడిపింది మైకు మేస్త్రీ, పొరుగింటి లక్ష్మి, సాయిలు. ఇకపై ఈ మైదానానికి వచ్చేవారికి నా సలహా ఇది: వీలైతే ముందురోజే చోటు చూసుకుని, సౌండు డేరా పక్కన కుర్చీలు ఎంచుకోండి. ప్రస్థానం పెట్టదలిస్తే కొబ్బరికాయ పెట్టండి, చేతిపట్టీలు మాత్రం జేబులోనే ఉంచుకోండి. మా తరువాత ఈ దారిన వచ్చేవారందరికీ బండ్లు సకాలంలో కదలుగాక. గాలి మీ వైపే వీచుగాక. ఆ రోజే బోధన్‌లో తొలి కేక వేసిన ఆ పసిపాప చెవులకు మా అక్క విన్నదంతా, ఇంకా వినవలసిందంతా, నిండు నూరేళ్లూ వినిపించుగాక.