లచ్చవ్వ ఇంటి మీద రాయి గుర్తు

యాభై ఏళ్లుగా ఒక ముసలమ్మ చూపుడువేలు నా మీద ఉంది. గుండెల మీద బండ అంటారే, ఆ మాట నాకు సరిపోదు. బండైతే బరువు మాత్రమే, ఇది గుచ్చుతుంది కూడా. నా భార్యకి చెప్పలేదు, ఆవిడ పోయింది. పిల్లలకి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను సర్వేయర్ని, కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన పాతికేళ్లవాణ్ణి. ఇప్పుడు అద్దాల మేడలున్న మాదాపూర్ అప్పుడొక పల్లె. ఊరు దాటితే అన్నీ గుట్టలే. ఆ గుట్టల మధ్య ఒక లోయ ఉండేది. రెండు వైపులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు, అడుగున సన్నటి వాగు, వాగు పొడుగునా సీతాఫలం చెట్లు. ఆ లోయనీ దాని చుట్టూ ఉన్న పట్టా భూముల్నీ సర్కారు తీసుకుని కాపాడాలనీ, నగరం జనం వచ్చి తిరిగేందుకు వీలు చెయ్యాలనీ అనుకున్నారు. కొలిచి నక్షా గీయడం నా పని.

నాకు ఆ లోయ అంటే పిచ్చి పట్టింది. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. పక్క గుట్ట మీద అప్పటికే రాళ్లు కొట్టించే గుత్తేదారు దిగాడు. రోజూ మధ్యాహ్నం బండలకి మందు పెట్టి పేల్చేవారు. నిన్న నీడకి కూర్చున్న బండ ఇవాళ ఉండేది కాదు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

లోయలో ఒక పెద్ద బండ చూరులా ముందుకి వచ్చి ఉంది. దాని కింద లచ్చవ్వ ఇల్లు. రాళ్లు కొట్టే ఆమె భర్త బతికుండగా తన చేతులతోనే గోడ కట్టి, ముందు నాలుగు వాసాలు వేసి, తాటి కమ్మలు కప్పాడట. భూమి గల పట్టాదారు నోటిమాట మీద ఉండనిచ్చాడు. ఆమె దగ్గర కాగితం ముక్క లేదు. కొన్ని మేకలు, సీజన్లో ఊళ్లో అమ్ముకునే సీతాఫలాలు, అంతే బతుకు. అక్కడ పని చేసినన్ని రోజులూ నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వద్దంటే వినేది కాదు.

మా పనికి ఒక పద్ధతి ఉంది. అక్కడికక్కడ పెన్సిల్‌తో గీస్తాం, ఆఫీసుకొచ్చాక ఆ గీతల మీద సిరా పెడతాం. ఆమె ఇల్లు కొలిచి, చిన్న గడి గీశాను. ఆమె పక్కనే కూర్చుని చూసింది.

"గిండ్ల నా ఇల్లేది బిడ్డా?"

ఆమె వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టాను. నక్షాలో ఇల్లు ఉంటే, ఖాళీ చేయించేటప్పుడు ఇంకోచోట జాగా చూపిస్తారని కూడా చెప్పాను.

"అయితే ఇగ ఫికర్ లేదు," అంది.

నేను చెప్పింది నిజమే. అప్పటికి.

ఆఫీసులో మా పై అధికారి ఆ పెన్సిల్ నక్షా చూసి, "లోపల కాపురం ఉందా? అయితే అభ్యంతరాలూ విచారణలూ అంటూ ఫైలు ఏళ్లకేళ్లు నానుతుంది. ఈలోగా గుత్తేదారు లోయంతా కంకర చేసేస్తాడు," అన్నాడు. చెరపమనలేదు. ఆ మాట ఎక్కడైనా అన్నాడేమోనని ఎన్నోసార్లు గుర్తు చేసుకుని చూశాను. అనలేదు. రబ్బరు నా చేతిలో ఉంది.

లోయ కోసమే చెరిపానని చాలా కాలం చెప్పుకున్నాను. నిజంగా లోయ కోసమేనా? దాని అందం గురించి నేను రాసిన నాలుగు వాక్యాలు మెచ్చుకుని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టారు, ఆ గర్వం ఎంత? ఒక్క ముసలమ్మ ఎక్కడైనా బతకగలదులే అనుకున్న నా పొగరు ఎంత? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను లెక్కపెట్టి, కొలిచి, ఆ తర్వాత తుడిచేశాను. ఆ చోట సిరాతో, ఉత్త బండే ఉందని చూపే రాయి గుర్తు పెట్టాను.

ఖాళీ చెయ్యమన్నాక లచ్చవ్వ మా ఆఫీసుకి వచ్చింది. నక్షాలో ఇల్లేమీ లేదని అధికారి చెబితే నవ్వింది.

"ఉన్నది సారూ. గీ బిడ్డనే గీసిండు. నేను సూపిస్త."

బల్ల మీద నక్షా పరిచారు. అక్షరం ముక్క రాని మనిషి వాగు గీత పట్టుకుని వేలితో మెల్లగా పైకి నడిచి, సరిగ్గా ఆ చోటే ఆగింది.

"అది రాయి గుర్తమ్మా," అన్నాడు అధికారి.

ఆమె వేలు తియ్యలేదు. అటూ ఇటూ తడిమి చూసింది. రబ్బరుతో గట్టిగా రుద్దిన చోట కాగితం లేచిపోతుంది.

"ఈడ గరుకుగున్నది సారూ. ఇంతకుముందు ఏమో ఉండె." నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా."

అధికారి కూడా నా వైపే చూశాడు.

"రాయేనండి," అన్నాను.

ఆమె వేలు తీసేసింది. "సరే బిడ్డా," అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

లోయ దక్కింది. కంచె వేశారు, బాట వేశారు, బెంచీలు వేశారు. ఆదివారాలు జనం వచ్చేవారు. కొన్నేళ్ల తర్వాత నేనూ పిల్లల్ని తీసుకెళ్లాను. ఆ బండ చూరుకి పొయ్యి మసి ఇంకా ఉంది. మా చిన్నది అదేంటని అడిగితే, ఎవరో పిక్నిక్‌కి వచ్చి వండుకున్నారని చెప్పాను. ఆ అబద్ధం మొదటిదాని కన్నా సులువుగా వచ్చింది.

లచ్చవ్వ మదీనాగూడ వైపు కంకర కొట్టే పనికి పోయిందని విన్నాను. వెతకలేదు. వెతికితే దొరుకుతుందేమోనని భయపడ్డాను.

లోయ మిగలడం మంచిదే, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ గడి ఉంచితే లోయ పోయేదా, ఓ ఏడాది ఆలస్యమయ్యేదా? నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా నేనే చెరిపేశాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు, ఆ హక్కున్న మనిషి ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. ఆ బల్ల దగ్గర నోట్లోనే ఉండిపోయిన జవాబు ఒకటుంది. అది చెప్పేస్తే ఊపిరి కాస్త ఆడుతుందని ఇదంతా రాశాను.

అది రాయి కాదండి. లచ్చవ్వ ఇల్లు. నేనే చెరిపాను.