క్లీనరు బ్రేకు

సింహాసనాల గురించి గ్రంథాలకు గ్రంథాలు రాసిపడేసిన చరిత్రకారులు, లారీలో క్లీనరు సీటు ముందు కాళ్ల కిందుండే ఖాళీ రేకు గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఆ రేకు మీద ఒక బామ్మర్ది తొమ్మిదేళ్లు బ్రేకు తొక్కాడు. పక్కన స్టీరింగు పట్టిన బావ నిజం బ్రేకు తొక్కినప్పుడల్లా తనూ ఉత్త రేకును తొక్కి, దాన్ని సొట్టపెట్టాడు.

అతనికి తెలిసిన డ్రైవింగు స్కూలు అదే. లైసెన్సు మాత్రం సంపాదించాడు. ఉద్యోగం కోసం ఏ యజమాని దగ్గరికి వెళ్లినా ఒకటే ప్రశ్న.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా బావ దగ్గరండీ."

"అయితే ఉద్యోగం కూడా మీ బావనే అడుగు."

బావేమో, "నేనుండగా నీకు స్టీరింగెందుకురా బామ్మర్దీ? అద్దం తుడువు," అనేవాడు.

ఒక ఉదయం, గోదాము ముందు లోడుకు తాళ్లు బిగించడం అయ్యాక, బావ స్టీరింగు మీద తల వాల్చి మళ్లీ ఎత్తలేదు. హమాలీలు కిందికి దించి వ్యానులో ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం సీట్లోనే పోయిందని అందరికీ తెలుసు. లారీ యజమాని కాసేపు తల వంచుకుని నిలబడి, గడియారం చూసుకున్నాడు.

"సరుకు మధ్యాహ్నానికల్లా చేరాలి. తోలగలవా?"

"అక్కకు చెప్పాలండీ."

"నేను చెప్తాలే. నీవల్ల కాదంటే ఇంకొకణ్ని పిలుస్తా. రేపట్నుంచీ బండి వాడిదే."

అతను వ్యాను పోయినవైపు చాలాసేపు చూశాడు. తరువాత లారీ చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు తలుపు తీసి ఎక్కాడు.

బావ పొట్టివాడు. సీటు వెనక్కి జరపాల్సి వచ్చింది.