బావి తవ్వాలా, కాలువకు ఆగాలా

1966 ఫిబ్రవరిలో నేను మెట్‌పల్లి పంచాయతీ సమితిలో వ్యవసాయ విస్తరణాధికారిగా చేరాను. విత్తనాలు, ఎరువుల సంగతి రైతులకు చెప్పడం, గ్రామసేవకుల పని చూడడం నా ఉద్యోగం. చేరిన నెలకే ఇంకో పని నెత్తిన పడింది. గోదావరి మీద కడుతున్న ఆనకట్ట కాలువల కోసం మన దేశం ఒక అంతర్జాతీయ అభివృద్ధి బ్యాంకును అప్పు అడిగింది. అప్పిచ్చే ముందు వాళ్లు మనుషులను పంపి, ఆ పని అప్పుకు తగినదేనా అని చూసుకుంటారు. దాన్ని మదింపు అంటారు. ఆ బృందానికి ఒక ఊరిని, ఒక రైతు ఇంటిని చూపించి, మాటలు అటూ ఇటూ అందించడం నా వంతు.

ఏం చూపించాలన్నదే తేలలేదు. నీటిపారుదల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పిలిచి, నీళ్లు లేక రైతు పడే అవస్థ వాళ్లకు కళ్లకు కట్టినట్టు చూపించాలన్నారు. ఆ గది దాటానో లేదో తహసీల్దారు పట్టుకుని, నీటి తీరువా, అంటే కాలువ నీటి పన్ను, కట్టగల రైతులనే చూపించమన్నారు. దరిద్రం చూస్తే అప్పు తిరిగి రాదని వాళ్లు భయపడతారట. ఇద్దరూ నాకంటే పైవాళ్లే. ఒకే ఇంట్లో లేమినీ కలిమినీ ఎలా చూపించాలో నాకు పాలుపోలేదు. చివరికి ఇంజనీరు మాటకే మొగ్గి గంగవ్వ ఇల్లు ఎంచుకున్నాను.

గంగవ్వ భర్త పోయి చాలా ఏళ్లయింది. మూడెకరాల చేను, ఒక జత ఎడ్లు, ఆ ఎడ్లు తోలు బొక్కెనతో నీళ్లు లాగే మోటబావి, అదీ ఆమె ఆస్తి. పసుపు వేసేది. దుంప ఊరే వేళకు బావి అడుగంటేది. ఆ వేసవిలో ఆమె ఒకటి తేల్చుకోవాలి. ఎడ్లు అమ్మి బావి లోతు చేయించాలా, కాలువ వస్తుందని ఆగాలా? తవ్విన వెంటనే కాలువ వస్తే ఎడ్లు ఊరికే పోయినట్టు. ఆగాక కాలువ రాకపోతే ఇంకో పంట ఎండినట్టు. కనిపించినప్పుడల్లా నన్ను ఇదే అడిగేది.

బృందాన్నీ, ఆ అధికారులిద్దరినీ వెంటబెట్టుకుని ఆ వాకిట్లో అడుగు పెట్టగానే ఇల్లు తప్పానేమో అనుకున్నాను. ఆరు ఎడ్లు వరుసగా కట్టేసి ఉన్నాయి. అరుగు మీద ఇత్తడి బిందెలు తళతళలాడుతున్నాయి. వాకిలి నిండా ఎండబోసిన పసుపు. గంగవ్వను పక్కకు పిలిచి ఇదంతా ఏమిటన్నాను.

“దొరలు వస్తుండ్రంటే ఉత్త వాకిలి సూపెడ్తమా సారూ? ఊరి ఇజ్జత్ పోదా? ఎడ్లల్ల నాయి రెండే. మిగతయి పక్క చేను రాజన్నయి. పసుపు అందరిది,” అంది.

పెళ్లి చూపులకు చుట్టాలొస్తే ఆ ఊళ్లో చేసే మర్యాద అది. ఎవరి ఇంటికి వచ్చినా ఊరంతా సామాను సర్దుతుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తహసీల్దారు ముఖం వెలిగిపోయింది. ఇంజనీరు నన్ను కొరుక్కుతినేలా చూశారు.

బృందంలోని వ్యవసాయ నిపుణుడు, పొడుగాటి తెల్లాయన, ఇంత ఉన్నావిడకు కాలువ ఎందుకని అడిగాడు. అవి ఊరివాళ్ల ఎడ్లని, మర్యాద కోసం తెచ్చారని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. అయితే ఈ ఊళ్లో పశువులు ఉమ్మడివా, సహకార సంఘమా అన్నాడు. కాదన్నాను. కాదన్నకొద్దీ తల ఊపుతూ రాసుకున్నాడు.

అంతలో గంగవ్వ తన ప్రశ్న ఆయన్నే అడగమంది. అడిగాను. అది మీ ప్రభుత్వం చెప్పాలి, మేం అప్పిచ్చేది రైతుకు కాదు, దేశానికి అన్నాడు. ఇంజనీరును అడిగితే, బ్యాంకు ఒప్పుకుంటే గాని కాలువ ఎక్కడిదాకా వస్తుందో చెప్పలేమన్నారు.

“ఆయన సర్కారు నడుగుమంటడు, సర్కారు ఆయన నడుగుమంటది. మరి నేనెవల నడగాలె సారూ? గా అప్పు తీర్చేటోళ్లల్ల నేను గూడ ఉంటనా?”

ఆ ఒక్కదానికే నా దగ్గర జవాబుంది. కాలువ వస్తే నీటి తీరువా రూపంలో నువ్వూ ఉంటావన్నాను.

“తీర్చుడు ఎరుకైంది గని, వచ్చుడు ఎరుక గాకపాయె,” అంది.

ఏప్రిల్లో హైదరాబాదు నుంచి, ఆ ఊరి పశు సహకార సంఘం వివరాలు పంపమని తాకీదు వచ్చింది. అలాంటిది లేదని రాశాను. ఎందుకు లేదో రాయమన్నారు. ఆ తాకీదు చేతిలో పట్టుకుని కూర్చున్న రోజే గంగవ్వ ఆఫీసుకు వచ్చింది. ఎండలు ముదిరాయని, ఇక ఆగలేనని, జర నువ్వే ఒక మాట చెప్పమని అడిగింది. కాలువ కోసం తిరుగుతున్న ఉద్యోగిని కనుక ఆగమనాలి. కాని నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. తవ్వుకో అన్నాను.

ఎడ్లు మెట్‌పల్లి అంగడిలో అమ్ముడుపోయాయి. బావిలో నీళ్లు పడ్డాయి. మోట తోలడానికి మాత్రం ఎడ్లు లేవు. రాజన్న ఎడ్లలో ఒక జత ఒక పూట ఆమె మోటకు వస్తే, బదులుగా ఆమె ఆయన చేలో పనికి పోయేది. కార్తీకంలో ఆ ఊరు వెళ్తే ఆమె పసుపు పచ్చగా ఉంది. ఆమె రాజన్న చేలో కలుపు తీస్తోంది.

“నీళ్లొచ్చినయి, ఎడ్లు పోయినయి. లాభమా, నష్టమా నువ్వే చెప్పు సారూ. నాకైతే సమజ్ గాలే,” అంది. నాకూ కాలేదు.

1968లో నన్ను నిర్మల్‌కు బదిలీ చేసేనాటికి కూడా అప్పు సంగతి తేలలేదు. ఆ తర్వాత నా సర్వీసులో పథకాలు చాలా వచ్చాయి. ప్రతిసారీ రైతుకు ఒకటే చెప్పేవాణ్ణి: ఇది రాదనుకుని నీ పని చూసుకో, వస్తే అప్పుడు చూద్దాం. దేశం అప్పు కోసం ఏళ్ల తరబడి ఆగగలదు. మూడెకరాల మనిషి చేతిలో ఉండేది ఒక్క వేసవి. ఇది పథకాలకు వ్యతిరేక ప్రచారమని పైనుంచి నాకు మెమో కూడా వచ్చింది. జవాబుగా ఆ ఒక్క వేసవి మాటే రాసి పంపాను.