మూకీ సినిమాలో మూడో టేకు

పోయిన ఏడాది వేసవిలో, కోతలు మొదలైన వారం, నాకు రెడ్డిగూడెం దగ్గర ఓ మామిడితోటలో డ్యూటీ పడింది. నేను నూజివీడులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుని. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ తోటలో సినిమా తీస్తున్నారు, పడటాలూ తన్నుకోవడాలూ ఎక్కువ కాబట్టి ఫస్ట్ ఎయిడ్‌కి ఒక నర్సు కావాలన్నారు. ఎండలో కూర్చోవడానికి మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదు. నాకు సినిమా పిచ్చి, నేనే చెయ్యెత్తాను.

వెనకటి రోజుల్లో మూకీ సినిమాలు తీసినవాళ్ల మీద హాస్యచిత్రం అది. నటుల మొహాలకి సున్నం కొట్టినట్టు తెల్లరంగు, పెదాలకి నల్లరంగు. డైరెక్టరు ఒక నియమం పెట్టాడు. యాక్షన్ అన్నాక నటుల నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాకూడదు, దెబ్బ తగిలినా సరే. చూసేవాళ్లు మాత్రం ఎంతైనా నవ్వచ్చు. కోతకొచ్చిన కూలీలు నవ్వుతుంటే నటులకి హుషారొస్తుందని అతని నమ్మకం.

మొదటి రోజే నాకు అదోలా అనిపించింది. పట్టపగలు, చెట్ల నీడలో తెల్లమొహాలు నోళ్లు తెరిచి అరుస్తుంటాయి, ఏమీ వినపడదు. నిచ్చెన మీంచి పడిన మనిషి నోరు "అమ్మా" అంటుంది, శబ్దం రాదు. చుట్టూ నవ్వులు. ఐసీయూలో గొంతులో గొట్టం వేసిన పేషెంట్లు ఇలాగే మాట్లాడతారు. ఆ సంగతి గుర్తురాగానే పక్కకి తోసేసి నేనూ నవ్వాను.

మామిడికాయల దొంగ వేషం కోటయ్యగారిది. బాపులపాడు మనిషి, నాటకాల్లో హాస్యపాత్రలు వేసేవారు, అరవై దాటాయి. రోజూ పొద్దున్నే బీపీ చూసేదాన్ని.

"ముప్పై ఏళ్లు ఈ నోటితోనే బతికానమ్మా. ఇప్పుడు నోరెత్తితే కట్ అంటున్నారు," అన్నారు ఒక రోజు.

"ఇంట్లో కూడా ఈ రూలు పెడితే మీ ఆవిడగారు సంతోషిస్తారండి."

"అక్కడ ఎప్పుడో పెట్టేసింది తల్లీ."

ఆ రోజు సీనులో దొంగ పచ్చికాయ ముక్క నోట్లో కుక్కుకుంటాడు. పోలీసు వేషం వేసినతను వీపు మీద చరుస్తాడు. ముక్క గొంతుకడ్డం పడి, దొంగ మెడ పట్టుకుని, కళ్లు తేలేసి, చెట్టు చుట్టూ తిరిగి పడిపోవాలి. రెండు టేకులయ్యాయి. రెండుసార్లూ కూలీలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. డైరెక్టరు ఇంకోటి అడిగాడు.

మూడోసారి ఆయన ఇంకా బాగా చేశారు. కళ్లు ఇంకా పెద్దవయ్యాయి, కాళ్లు తడబడ్డాయి. "సూపర్, కట్ చెయ్యొద్దు," అని డైరెక్టరు గొణిగాడు. నాకు నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లొచ్చాయి. చెట్టు చుట్టూ తిరిగి, కెమెరా పక్కనున్న నా కుర్చీ ముందుకొచ్చినప్పుడు, మెడ మీదున్న ఆయన వేళ్లు కనిపించాయి. గోళ్లు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

దీన్ని మేం సైనోసిస్ అంటాం. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. పెదాల మీద నల్లరంగు, మొహం మీద తెల్లరంగు ఉండటంతో నేను పట్టుకోవాల్సిన గుర్తులన్నీ మేకప్ కింద ఉండిపోయాయి. గొంతు పూర్తిగా మూసుకుపోయిన మనిషి దగ్గలేడు, ఎవర్నీ పిలవలేడు. ట్రైనింగులో మొదట్లోనే నేర్పిన పాఠం అది.

పరిగెత్తి వెళ్లి వెనక నుంచి పట్టుకున్నాను. అబ్డామినల్ థ్రస్ట్ అంటే బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని బిగించి, లోపలికీ పైకీ గట్టిగా గుంజడం. యూనిఫాంలో ఉన్న నర్సు దొంగని కావలించుకునేసరికి నవ్వులు రెట్టింపయ్యాయి.

"నవ్వకండి, నిజంగానే అడ్డం పడింది," అని అరిచాను. అదీ వేషంలో భాగమే అనుకున్నారు.

నాలుగోసారి గుంజేసరికి ముక్క వచ్చి ఎండుటాకుల్లో పడింది. ఆయన దగ్గారు. కెమెరా తిరుగుతుండగా ఆ తోటలో ఒక నటుడి నోట్లోంచి నేను విన్న మొదటి శబ్దం అదే. అప్పుడు ఆగాయి నవ్వులు.

నూజివీడు తీసుకెళ్లి పరీక్షలు చేయించాం, ప్రమాదమేమీ లేదన్నారు. రెండ్రోజుల తర్వాత డైరెక్టరు, ఆ టేకు సినిమాలో వాడనని చెప్పి, మా ఇద్దరికీ మానిటరు మీద చూపించాడు.

"నటన ఎక్కడ ఆగిందో నాకే తెలియట్లేదమ్మా," అన్నారు కోటయ్యగారు.

సినిమా మూకీయే అయినా కెమెరా పక్కన మైకు ఉందట. ఎడిటింగులో గుర్తు కోసం దాచుకునే ఆ శబ్దాన్ని గైడ్ ట్రాక్ అంటారట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. తెర మీద ఆయన నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. కూలీల నవ్వులు దూరంగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినపడుతున్నాయి. వాటన్నిటికంటే దగ్గరగా, తెరిపి లేకుండా ఒక ఆడమనిషి నవ్వు. ఎవరబ్బా ఈవిడ అనుకున్నాను. ఆ నవ్వు టక్కున ఆగిపోయింది. మరుక్షణం ఫ్రేములోకి నేను పరిగెత్తుకొచ్చాను.

ప్రభువా అనుకున్నాను.

"ఏం వినపడుతోందమ్మా?" అని కోటయ్యగారు అడిగారు.

"ఏం లేదండి," అన్నాను.

ఇప్పుడు క్యాజువాలిటీకి ఒకేసారి నలుగురొస్తే, అరిచేవాళ్లని దాటుకుని ముందు నోరెత్తని మనిషి దగ్గరికెళ్లి గోళ్లు చూస్తాను. కొత్తగా చేరిన నర్సులు ఎందుకని అడిగితే సైనోసిస్ గురించి చెబుతాను. ఆ నవ్వు నాదని మాత్రం కోటయ్యగారితో సహా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.